కొండదేవతకు గిట్టని జోడు తుపాకి

పెళ్లాన్ని పొగడమంటే నాలుక మడతపెట్టుకునే మగాడు కూడా తన తుపాకి మాటెత్తితే నోరు మూయడు. అకితా కొండల్లో మిసావో నడిపే సోబా నూడుల్స్ హోటలుకు మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి అలాంటి నోళ్లు అరడజను చేరేవి. తుపాకులు మాత్రం బుద్ధిగా ఎవరింటి ఇనప బీరువాలో అవి తాళం పడి ఉండేవి. పేలుళ్లన్నీ హోటల్లోనే.

"నాది ఇటలీ పిల్ల," అనేవాడు కుదో. వేటగాళ్ల సంఘానికి పెద్ద. అరవై ఎనిమిదేళ్లు, అద్దంలాంటి గుండు. "వరసగా మూడు తూటాలు పేల్చినా భుజానికి దెబ్బే తెలీదు. దూది దిండుతో తట్టినట్టుంటుంది."

"నీ గుండుకీ దాని గుండుకీ భలే జత కుదిరింది," అనేవాడు ఇవాబుచి. పోస్టాఫీసులో రిటైరైనవాడు. ఆయన తుపాకికి ఒక గొట్టం పైన, ఒక గొట్టం కింద. పక్కల వెండిరేకు మీద ఎగిరే బాతుల బొమ్మలు చెక్కి ఉంటాయి. వాన చినుకు పడితే దాన్ని గడప దాటించడు.

"బాతులు తడిస్తే జలుబు చేస్తుందనా?" అని వంటగదిలోంచి మిసావో కేకేసేది. యాభై ఏడేళ్ల మనిషి. ఆ గొంతుకు చెక్క తలుపులు అడ్డం కావు.

"జలుబు కాదమ్మాయ్, తుప్పు! తుపాకి పేరులోనే సగం తుప్పుంది."

మూల బల్ల దగ్గర మిసావో తండ్రి గెన్‌పాచీ కూర్చునేవాడు. ఎనభై ఒకటి నడుస్తోంది. ఆయనది పాతకాలపు జోడు తుపాకి. రెండు గొట్టాలూ పక్కపక్కనే. చెక్క మడమ మీద ఎలుగు పంటి గాటు. యాభై ఏళ్లుగా ఒకటే తుపాకి, ఒకటే మాట.

"కిందా పైనా ఉంటే దాన్ని రైలు బెర్తంటారు. పక్కపక్కనుంటేనే సంసారం. కుడి గొట్టం తొందరపడుతుంది, అది నేను. ఎడమ గొట్టం ఆలోచించి దూరం కొడుతుంది, అది మీ వదిన."

మంచు కరుగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయనే గిన్నె పక్కకు జరిపి చెప్పాడు. "నవంబరు ఏడు నా పుట్టినరోజు. లైసెన్సు ఆ రోజుతో ఆఖరు. ఇక రాయించుకోను. మోకాళ్లు రాజీనామా ఇచ్చేశాయి."

జుర్రుకునే చప్పుళ్లు ఆగిపోయాయి.

"మరి తుపాకి, గెన్ అన్నా?" అన్నాడు కుదో.

"పట్నంలో తుపాకుల కొట్టు నారిత వచ్చి పట్టుకుపోతాడు. రంపంతో కోసేస్తాడు."

"కోయడమేంటన్నా? ఎవరికైనా ఇవ్వరాదూ?"

"నువ్వు తీసుకుంటావా?"

కుదోకు ఉన్నట్టుండి తన గిన్నెలో పులుసు మీద శ్రద్ధ పెరిగింది. ఇవాబుచి కిటికీలోంచి వాతావరణం పరీక్షించాడు. ఒక్కో తుపాకికీ ఒక్కో లైసెన్సు, ఒక్కో విచారణ. అంత గొడవపడి రెండు తూటాల ముసలి తుపాకిని తెచ్చుకునేదెవరు? పొగడడానికి అందరూ ఉన్నారు, పోషించడానికే ఒక్కడూ లేడు.

"నేను తీసుకుంటా," అంది మిసావో వంటగది తెర పక్కకు లాగి. మోచేతుల దాకా పిండి.

ముందు ఇవాబుచి నవ్వాడు, తర్వాత అందరూ. గెన్‌పాచీ నవ్వలేదు.

"కుదరదు. కొండదేవత ఒప్పుకోదు."

ఆ కొండల్లో వేటకు వెళ్లేవాళ్లందరికీ తెలిసిన సంగతే. కొండదేవత ఆడది. అందం తక్కువ, అసూయ జాస్తి. తోటి ఆడది కొండెక్కితే ఓర్వదు, ఆడచెయ్యి తగిలిన తుపాకికి వేట ఇవ్వదు. అందుకే వేటగాళ్లు ఒకోజె అనే చేపను ఎండబెట్టి, గుడ్డలో చుట్టి, జేబులో వేసుకుపోతారు. సముద్రంలో దానంత వికారపు మొహం మరోదానికి లేదు. తనకన్నా అనాకారి ఒకటుందని దేవత మురిసిపోయి ఎలుగునో, అడవికోడినో ఎదురుపంపుతుంది.

"అయితే నన్నే తీసుకెళ్లండి," అంది మిసావో. "ముందు పన్ను ఊడింది, పొయ్యి సెగకు మొహం మాడింది. నన్ను చూస్తే దేవత వారం రోజులు నవ్వుతుంది. మీకు ఎండుచేప మోత తప్పుతుంది."

హోటలు గొల్లుమంది. గెన్‌పాచీ మొహం మాత్రం చేవదేరిన చెక్కలా ఉంది.

"నవ్వులాట కాదు. నా తుపాకి నీ పేరున మారాలంటే కాగితం మీద సంతకం బదులు నా పేరు ముద్ర పడాలి. నేను ముద్ర వెయ్యను."

"నువ్వు ముద్ర వేసేదాకా నేను నిద్రపోను."

"నిద్రపోకపోతే పొద్దున్నే పిండెవరు పిసుకుతారు?"

"మెలకువగా ఉంటే ఇంకా బాగా పిసుకుతా."

మిసావోకు ఆ తుపాకి మీద ఉన్న ఇష్టం ఇవాళ్టిది కాదు. తొమ్మిదేళ్లప్పుడు చాప మీద పెట్టి ఉన్న తుపాకిని పరుగులో దాటేసింది. తండ్రి దాని చుట్టూ ఉప్పు చల్లి మైల తీసి, ఏడు రోజులు వేట మానేశాడు. ఆ తర్వాత ఆదివారం ఆదివారం ఆయన నూనె పూస్తుంటే చేతులు వెనక్కి కట్టుకుని, రెండు బారల దూరంలో కూర్చుని చూసేది. నూనె వాసన, గొట్టాలు వంచి మూసినప్పుడు 'టక్'మనే ఆ నిండు చప్పుడు, అవే ఆమె వాటాకు వచ్చినవి. కొండ మీద పది తుపాకులు పేలుతున్నా నాన్న కుడి గొట్టమేదో ఎడమ గొట్టమేదో ఊళ్లోంచే చెప్పేది. ఒక్క పేలుడు వినిపిస్తే అమ్మ పొయ్యి రాజేసేది. రెండు వినిపిస్తే, "కుడిది తప్పిందే, చూద్దాం ఉండు," అనేది. మగాళ్లకు ఇష్టమైన తుపాకులుంటాయి. ఇష్టమైన తుపాకిని యాభై ఏళ్లు తాకకుండా ఇష్టపడింది మాత్రం ఆ ఊళ్లో ఒక్క మిసావోనే.

ఆమె పట్నం వెళ్లి రాతపరీక్ష రాసింది. ముప్పైమందిలో పదకొండుమంది గట్టెక్కారు, వాళ్లలో ఒకత్తె. తర్వాత పోలీసుల వంతు. మనిషి గుణం ఎలాంటిదో ఇరుగుపొరుగును అడిగి రాసుకుపోతారు. ఇక్కడొచ్చింది చిక్కు. పక్కింటి ఫుసాయోతో మిసావోకు పదకొండేళ్లుగా మాటల్లేవు. తిట్లు మాత్రం ఉన్నాయి. వాకిట్లో పడిన మంచును ఎవరు ఎవరివైపు తోశారన్నది తగాదా.

"ఒక మిఠాయి పొట్లం పట్టుకెళ్లి పలకరించిరా అమ్మాయ్," అన్నాడు కుదో.

"మిఠాయి తినిపించి మంచిదాన్ననిపించుకోవాలా? నేను ఎలాంటిదాన్నో అలాగే చెప్పనీ."

ఫుసాయో అలాగే చెప్పింది. కంచె ఇవతల ముల్లంగి దుంపలు ఆరవేస్తున్న మిసావోకు ప్రతి ముక్కా వినిపించింది.

"కోపిష్టి మనిషా అండీ?" అని అడిగాడు పోలీసాయన.

"అడగాలా! ఆవిడ గొంతు విని ఎలుగులే దారి మార్చుకుంటాయి."

"ఎప్పుడైనా చెయ్యి చేసుకుందా?"

"ఆ గొంతుండగా చెయ్యెందుకండీ? పదకొండు చలికాలాలు పోట్లాడాం. ప్రతిసారీ ఆవిడ చేతిలో మంచుపార ఉండేది. ఒక్కసారన్నా ఎత్తితే ఒట్టు. ముందు పార కింద పెట్టేది, తర్వాత తిట్టేది. నాకు ఆవిడంటే గిట్టదు. అయినా ఆ మాట రాసుకోండి. పార కింద పెట్టే తిట్టేది."

మిసావో ఇంకో ముల్లంగి దుంప ఆరవేసింది. ఆ పూటకి తిట్టడం వాయిదా వేసింది.

మిగిలింది స్టేషన్లో ముఖాముఖి. కుదో ముందే పాఠం చెప్పాడు. "ఎందుకు కావాలని అడుగుతారు. ఇంటి కాపలాకి అన్నావో, నీ పని ఆఖరు. మన దేశంలో ఆ మాటకి లైసెన్సు లేదు. వేట అను, గురి పోటీలు అను. ఇష్టం అని మాత్రం నోరు జారకు."

స్టేషన్లో బల్ల అవతల కుర్ర అధికారి కలం పట్టుకుని అడిగాడు. "తుపాకి ఎందుకండీ?"

"ఇష్టం కాబట్టి."

కలం ఆగింది. "అంటే... వేటకని రాసుకోనా?"

"రాసుకోండి. వేటకీ వెళ్తా. వేటకే అయితే ఏ తుపాకైనా సరిపోతుంది కదా? మా నాన్నదే ఎందుకంటే, అదంటే ఇష్టం."

"అమ్మా, తుపాకంటే ఇష్టం అనేవాళ్లను చూస్తేనే మాకు భయం."

"ఇష్టం లేనివాళ్లను చూసి భయపడు బాబూ. మూడేళ్లు బీరువాలోంచి తియ్యని తుపాకిని మీరేమంటారు?"

"నిద్రపోతున్న తుపాకి అంటాం."

"దాని లైసెన్సు పీకేస్తారా లేదా?"

"పీకేస్తామండి."

"మరి అవన్నీ ఎవరివి? అవసరానికి కొన్నవాళ్లవి. అవసరం తీరింది, మర్చిపోయారు. తాళంచెవి ఎక్కడ పెట్టారో కూడా మర్చిపోయి ఉంటారు. మా నాన్న యాభై ఏళ్లలో ఒక్క ఆదివారం నూనె పూయడం మానలేదు. అమ్మ పోయిన వారం కూడా. ఇష్టమున్నవాడి దగ్గర తుపాకి నిద్రపోదు, తుప్పు పట్టదు, తప్పిపోదు. నువ్వు రాసుకోవాల్సిన మొదటి మాట అదే."

"ఫారంలో ఇష్టం అనే గడి లేదండీ."

"పక్కన ఇంత ఖాళీ ఉందిగా?"

కాగితం తన వైపు తిప్పుకుని అంచున లావుపాటి అక్షరాలతో 'ఇష్టం' అని రాసి, దాని మీద తన ముద్ర గుద్దింది. అధికారి దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, ఉడుకు గిన్నెను మోసినట్టు లోపలికి తీసుకుపోయాడు. పావుగంటకు తిరిగొచ్చాడు.

"మా పెద్దాయన అంచు గురించి ఏమీ అనలేదండి," అన్నాడు.

ఇక చేతి పరీక్ష. గురిమైదానంవాళ్లు ఇచ్చిన తుపాకితో, యంత్రం గాల్లోకి విసిరే 'మట్టిపిట్ట' బిళ్లలు ఇరవై అయిదింటిలో కనీసం రెండు పగలగొట్టాలి. కుదో, ఇవాబుచి ధైర్యం చెప్పడానికని వచ్చారు. మధ్యాహ్నం భోజనం కూడా తెచ్చుకున్నారు, సినిమాకొచ్చినట్టు.

మొదటి పదకొండూ గాలికే పోయాయి. ఇవాబుచి పైకే లెక్కపెట్టాడు. "పన్నెండోది కూడా ఎగిరిపోతుంది చూడు. పిట్టలకి ఈవిడంటే గురి కుదిరింది. ఈవిడకే పిట్టల మీద గురి కుదరలేదు."

మిసావో తుపాకి వంచింది. తూటాలు బయటికి తీసింది. ఖాళీ తుపాకిని చెక్క స్టాండులో నిలబెట్టింది. అప్పుడు వెనక్కి తిరిగింది.

"బాతులాయనా! మీ తుపాకి మీద బాతులు ఎందుకంత ధైర్యంగా ఎగురుతున్నాయో ఇప్పుడర్థమైంది. తుపాకి మీదున్న పిట్ట కూడా మీకు దొరకదని వాటికి తెలుసు!"

పక్కనున్న శిక్షకుడు దగ్గు వచ్చినట్టు నటించాడు. "ముందు ఖాళీ చేసి, తర్వాత కోప్పడ్డారు," అన్నాడు నెమ్మదిగా. "ఆ క్రమం నేర్పడానికే మాకు ఏడాది పడుతుంది. ఇప్పుడు గొట్టాన్ని చూడకండి, పిట్టనే చూడండి."

మిగిలిన పద్నాలుగింటిలో ఎనిమిది పగిలాయి. ఇవాబుచి తెచ్చిన అన్నం ఉండలు ఆమే తినేసింది.

ఇంటికి వచ్చేసరికి భుజం వంకాయ రంగులో ఉంది. తండ్రి ఓరగా చూశాడు.

"ఎముక మీద ఆనించావు. గుంటలో ఆనించాలి."

"మరి ముద్ర?"

"వెయ్యను."

నవంబరు ఏడు రానే వచ్చింది. పొద్దున పది గంటలకు నారిత మెత్తటి గుడ్డ సంచీతో హోటలు వెనక గదిలో కూర్చున్నాడు. ఎదురుగా బల్ల మీద ఒప్పుకోలు కాగితం. దానికి ఒకవైపు తండ్రి, ఒకవైపు కూతురు. తలుపు దగ్గర పిలవని పేరంటానికి వచ్చిన కుదో.

"నాకేదైనా ఒకటే మాస్టారూ," అన్నాడు నారిత. "ముద్ర పడితే అమ్మగారి లైసెన్సు వచ్చేదాకా నా లాకర్లో దాస్తా. పడకపోతే రంపం కిందకి."

"రంపమే," అన్నాడు గెన్‌పాచీ.

"సరే," అంది మిసావో.

గెన్‌పాచీ తలెత్తాడు. అరుస్తుందనుకున్నాడు. అరవకపోయేసరికి ఆయనకు కాలు జారినట్టయింది.

"కోయించెయ్," అంది ఆమె. "రాతపరీక్షలు, పోలీసులు, మట్టిపిట్టలు, అన్నీ దాటాను. వేట పరీక్ష కూడా గట్టెక్కాను. నారిత గారి కొట్టులో ఏదో ఒక తుపాకి నాకు దొరక్కపోదు. నీ లైసెన్సు ఇవాళ కొండెక్కుతుంది, చలికాలం పోకముందే నేనూ కొండెక్కుతా. దేవత నా మొహం ఎలాగూ చూస్తుంది నాన్నా, అది నీ చేతిలో లేదు. నీ తుపాకి నాతో వస్తుందా, ముక్కలై మురిక్కాలవ మూతవుతుందా, నీ చేతిలో ఉన్నది అదొక్కటే."

"దేవతకి కోపమొస్తే?"

"వస్తే నా మీద వస్తుంది. ఆదివారం ఆదివారం దాన్ని నీకన్నా ఎక్కువగా కిందికీ పైకీ చూసినదాన్ని నేను. నన్ను గుమ్మం దగ్గర ఆపడానికి దేవతను అడ్డం పెట్టావు. దేవత ఎప్పుడన్నా నోరు విప్పి వద్దందా? వద్దన్నదంతా మగాళ్లే."

కుదో మెల్లగా తలుపు అవతలికి జరిగాడు.

గెన్‌పాచీ మోకాళ్ల మీద చేతులూని లేచి, లోపలి గదిలో బీరువా తెరిచి, తుపాకి తెచ్చాడు. వంచి ఖాళీగా ఉందని నారితకు చూపించాడు. మూశాడు. 'టక్'. ఆ చప్పుడుకు ఆయన పెదవి ఒకవైపుకు లాగింది.

"దీనికి మీటలు రెండు," అన్నాడు ఎవరివైపూ చూడకుండా. "ముందుది కుడి గొట్టానికి. వెనకది ఎడమకి. కంగారులో అందరూ ముందుదే రెండుసార్లు లాగి, పేలలేదని తిడతారు. ఎలుగు ముందు నేనూ అదే తప్పు చేశా. ఆ గాటు దాని గుర్తే. వేలు వెనక్కి జరపడం చెయ్యికి అలవాటు కావాలి. నిద్రలో కూడా జరగాలి. ఇటు రా. పట్టుకుని చూడు."

మిసావో దగ్గరికి వచ్చింది. ముక్కు గొట్టానికి ఆనేంత వంగింది. చేతులు మాత్రం వెనక్కి కట్టుకునే ఉంది.

"పట్టుకోమంటున్నానా!"

"లైసెన్సు రాలేదు. తాకితే నేరం."

"అంతేనా?"

"అంతే. దేవతకి భయపడి కాదు."

ఆయన కూతురి మొహంలోకి చూశాడు. తుపాకిని గుడ్డ మీద పెట్టాడు. చొక్కా లోపలి జేబులోంచి ముద్ర తీసి, ఎర్రసిరాలో అద్ది, కాగితం మీద నొక్కాడు. తొందరలో ముద్ర పక్కకు ఒరిగింది.

"ఒరిగినా చెల్లుతుంది," అన్నాడు నారిత గబగబా కాగితం లాక్కుని.

"మడమ పొడుగెక్కువ," అంది మిసావో, తుపాకిని కళ్లతోనే కొలుస్తూ. "నా చెయ్యి పొట్టి. రెండు వేళ్ల మేర చెక్క కోయించాలి."

"కోయిస్తావా! ఆ చెక్క మీద చెయ్యి వేశావంటే చూడు!"

"మొత్తం తుపాకినే రంపం కిందికి పంపబోయినవాడివి, రెండు వేళ్ల చెక్కకి ఏడుస్తావేం?"

"గాటు పోతుందే!"

"గాటుకి ఇవతలే కోయిస్తా. అరవకు, నారిత గారు భయపడుతున్నారు."

నారిత భయపడలేదు. సంచీ భుజాన వేసుకుని, ఒక వేడి సోబా తినే వెళ్తానని కూర్చున్నాడు. తలుపు సందులోంచి కుదో గుండు మళ్లీ కనిపించింది.

"అమ్మాయ్, లైసెన్సు వచ్చేసరికి డిసెంబరు దాటుతుంది. ఈ పదిహేనున వేట మొదలు. ఆ రోజుకి నీకు తుపాకి ఉండదు. వచ్చే ఏడు చూద్దాంలే."

"ఎవరు చూసేది? పదిహేనున నేనూ వస్తున్నా," అంది మిసావో వంటగదిలోకి నడుస్తూ. "వేటని మీ వైపు తరిమేవాళ్లకు తుపాకులు అక్కర్లేదుగా. గొంతుంటే చాలు. చేతులూపుకుంటూ మీ అందరికన్నా ముందు నడుస్తా. తుపాకి వెనకొస్తుంది. దేవతని ముందు మనిషిని చూసుకోనీ."